వెంటిలేటర్‌పై ఉన్న రోగి ఊపిరితిత్తుల బిగువును, శ్వాసమార్గ నిరోధాన్ని మంచం పక్కనే కొలిచే విధానం

తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల ఐసీయూలలో కొత్తగా డ్యూటీలో చేరిన వైద్యులు, స్టాఫ్ నర్సులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ప్లాటో (ఉచ్ఛ్వాసం చివర గాలి ప్రవాహాన్ని ఆపినప్పుడు నిలిచే పీడనం) ఎంత వరకు ఉండవచ్చు? దానికి జవాబు ఒక్క సంఖ్యతో ముగుస్తుంది. ఆ ప్లాటోను రోగి ఏ స్థితిలో ఉండగా, ఏ మోడ్‌లో, దేని తరువాత కొలవాలన్నది మాత్రం అరుదుగా అడుగుతారు. తప్పులు ఎక్కువగా పుట్టేది అక్కడే. సరిగా కొలవని 28 కంటే అసలు కొలవకపోవడమే మేలు. ఛార్టులో ఆ సంఖ్యను చూసి తరువాతి డ్యూటీవారు సెట్టింగులు మార్చేస్తారు.

ఇది ఐసీయూలో శిక్షణ పొందిన సిబ్బంది కోసం, పెద్దవయసు రోగులను దృష్టిలో ఉంచుకొని, పై వైద్యుడి పర్యవేక్షణ ఉంటుందన్న నమ్మకంతో రాసినది. పీడనాలన్నీ సెంటీమీటర్ల నీటిమట్టంలో ఇచ్చాను కనుక ప్రతిచోటా ప్రమాణం రాయలేదు.

1. ముందుగా టేపు తీయండి

మొదటి కొలత యంత్రానిది కాదు, రోగి పొడవుది. ఊపిరితిత్తుల పరిమాణం శరీరం బరువును బట్టి కాక పొడవును బట్టి ఉంటుంది. లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. కేసు షీటులోని బరువు చాలాసార్లు కంటి అంచనాయే కనుక దానిమీద ఆధారపడకూడదు.

రోగిని వెల్లకిలా, నిటారుగా పడుకోబెట్టి నడినెత్తి నుంచి మడమ వరకు టేపుతో కొలవాలి. కాళ్లు ముడుచుకుపోయినవారిలో, గూనివారిలో రెండు చేతులూ బార చాచిన కొలతను పొడవుకు దగ్గరి అంచనాగా తీసుకోవచ్చు. తరువాత లెక్క ఇది:

- పురుషులకు: 50 + 0.91 × (పొడవు సెం.మీ.లలో − 152.4)
- స్త్రీలకు: 45.5 + 0.91 × (పొడవు సెం.మీ.లలో − 152.4)

ఇలా వచ్చినదే అంచనా శరీర బరువు. 150 సెం.మీ. పొడవున్న స్త్రీకి అది 43.3 కిలోలు, కిలోకు 6 మి.లీ. చొప్పున టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలి) 260 మి.లీ. అవుతుంది. అదే స్త్రీకి షీటులో ఉన్న 65 కిలోలను నమ్మి, కిలోకు 8 మి.లీ. చొప్పున 520 మి.లీ. పెట్టారనుకుందాం. పెట్టినవారు జాగ్రత్తగానే ఉన్నామనుకుంటారు గానీ, నిజానికి ఆమెకు అందుతున్నది కిలోకు 12 మి.లీ. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని బిగుసుకుపోయే స్థితి) రోగులపై జరిగి 2000లో ఫలితాలు వెలువడిన 861 మంది అధ్యయనంలో, 12 మి.లీ. వర్గంలో మరణాలు 39.8 శాతం కాగా 6 మి.లీ. వర్గంలో 31 శాతమే. టేపు తీయని బద్ధకం రోగిని ఆ మొదటి వర్గంలోకి నెట్టేస్తుంది.

పొడవును, అంచనా బరువును మంచం తలవైపు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. డ్యూటీలు మారినా ఆ కాగితం మారదు.

2. రోగిని, సర్క్యూట్‌ను సిద్ధం చేయడం

కొలతకు ముందు ఈ పట్టికను పైనుంచి కిందికి చూసుకోవాలి.

- తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందా? ఏ కోణమైనా సరే, రేపూ అదే కోణంలో కొలవాలి.
- ట్యూబ్ పళ్ల దగ్గర ఎన్ని సెం.మీ. వద్ద ఉంది? నిన్నటి గుర్తుతో సరిపోయిందా?
- ట్యూబ్ మడత పడలేదు కదా, రోగి దాన్ని కొరకడం లేదు కదా?
- కఫ్ (ట్యూబ్ చుట్టూ గాలితో ఉబ్బే బెలూన్) పీడనం 20 నుంచి 30 మధ్య ఉందా?
- అవసరమైతే సక్షన్ చేసి, తరువాత కొన్ని నిమిషాలు ఆగారా?
- సర్క్యూట్ గొట్టాలలో నీరు నిలిచిందా? వాటర్ ట్రాప్ నిండిందా?
- హెచ్‌ఎంఈ ఫిల్టర్ (రోగి వదిలే గాలిలోని వేడిని, తేమను పట్టి ఉంచేది) తడిసి బరువెక్కిందా?
- ఛాతీ ట్యూబ్ ఉంటే, అందులో బుడగలు వస్తున్నాయా?

చివరి ప్రశ్నకు జవాబు అవును అయితే, లోపలికి వెళ్లిన గాలిలో కొంత బయటికి పోతూనే ఉంటుంది కనుక ప్లాటోను నమ్మడానికి లేదు. అలాంటి రోగి ఛార్టులో సంఖ్య బదులు ‘లీక్ ఉంది, కొలవలేదు’ అని రాయడమే నిజాయితీ.

ఫిల్టర్ గురించి ఒక మాట. వేడినీటి హ్యుమిడిఫయర్ నడుస్తున్న సర్క్యూట్‌లో హెచ్‌ఎంఈ కూడా తగిలించడం అక్కడక్కడ కనిపిస్తుంది. అది నీటితో నిండి, రోగికి ఆస్తమా వచ్చిందా అన్నంతగా ఉచ్ఛ్వాసంలో చేరే గరిష్ఠ పీడనాన్ని, అంటే పీక్ ప్రెజర్‌ను పెంచుతుంది. రెండింటిలో ఒకటే ఉండాలి. నెబ్యులైజేషన్ మందులు కూడా ఫిల్టర్‌లో పేరుకుంటాయి. పీక్ కారణం లేకుండా పెరిగినప్పుడు మందు మార్చేముందు ఫిల్టర్ మార్చి చూడండి.

ఇక రోగి సొంత శ్వాస. హోల్డ్ (గాలి ప్రవాహాన్ని కాసేపు ఆపే బటన్) నొక్కిన రెండు మూడు సెకన్లలో రోగి పీల్చినా, కడుపు బిగించి వదిలినా వచ్చిన సంఖ్య పనికిరాదు. అందువల్ల పూర్తి కొలతలకు సెడేషన్ తగినంతగా ఉండి, రోగి తన ప్రయత్నంతో యంత్రాన్ని ట్రిగ్గర్ చేయని స్థితి కావాలి. కేవలం కొలత కోసం కండరాలను స్తంభింపజేసే మందు ఇవ్వడం సరికాదు. సొంత శ్వాస ఉన్న రోగికి వేరే పద్ధతులున్నాయి, వాటిని 8వ భాగంలో చెప్పాను.

3. మోడ్‌ను కొలతకు అనువుగా మార్చడం

వాల్యూమ్ కంట్రోల్ మోడ్ (ప్రతి శ్వాసకూ నిర్ణీత పరిమాణంలో గాలి ఇచ్చేది), స్థిరమైన చదరపు ఫ్లో, నిమిషానికి 60 లీటర్లు: ఈ మూడూ ఉంటే లెక్క అతి సులువవుతుంది. నిమిషానికి 60 లీటర్లంటే సెకనుకు ఒక లీటరు. కనుక పీక్‌కు, ప్లాటోకు మధ్య తేడాయే నేరుగా శ్వాసమార్గ నిరోధం.

ప్రెజర్ కంట్రోల్‌లో ఫ్లో క్షణక్షణానికీ తగ్గుతుంది కాబట్టి పీక్, ప్లాటోల తేడాతో నిరోధాన్ని లెక్కగట్టకూడదు. ఆ మోడ్‌లోనూ హోల్డ్ ఇచ్చి ప్లాటో చూడవచ్చు. అంతకు మించి ఆశించవద్దు.

మోడ్ మార్చేముందు ఉన్న సెట్టింగులన్నీ, అలారం పరిమితులతో సహా, కాగితంపై రాసుకోవాలి. టైడల్ వాల్యూమ్‌ను, రేటును రోగికి అప్పటివరకు అందుతున్నంతే ఉంచి, కొత్త మోడ్‌లో కొన్ని శ్వాసలు గడిచి తరంగాలు కుదురుకున్నాక కొలత మొదలుపెట్టాలి.

4. బటన్ నొక్కేముందు తరంగాలను చదవడం

ఈ దశను దాటేసి నేరుగా హోల్డ్ నొక్కేవారే ఎక్కువ. తెరను అర నిమిషం నిదానంగా చూస్తే, కొలవడం తగునో తగదో అక్కడే తేలిపోతుంది.

ఫ్లో తరంగం నిశ్వాసంలో సున్నాకు తిరిగి వస్తోందా చూడండి. సున్నాను తాకకముందే తరువాతి శ్వాస మొదలైతే గాలి లోపల చిక్కుకుపోతోందని, అంటే ఆటో-పీప్ ఉందని అర్థం.

నిశ్వాస ఫ్లో గీత రంపపు పళ్లలా వణుకుతుంటే కఫమో, గొట్టంలో నీరో ఉంది. తుడిచి, తీసి, మళ్లీ చూడండి. అలా వణుకుతున్నప్పుడు తీసుకున్న నిరోధం కొలత రోగిది కాదు, నీటిది.

పీడన తరంగం పైకి ఎక్కేటప్పుడు నడుమ గుంటపడినట్లు లోపలికి వంగితే రోగి సొంతంగా పీలుస్తున్నాడు. వాల్యూమ్ తరంగం నిశ్వాసం చివర అడుగు గీతకు చేరకుండా పైనే నిలిచిపోతే ఎక్కడో లీక్ ఉంది. కఫ్, కనెక్షన్లు, ఛాతీ ట్యూబ్ వరుసగా చూడాలి.

5. మొదట నిశ్వాసం చివర హోల్డ్

వరుసలో ఇది ముందు రావాలి. తరువాతి లెక్కలన్నింటిలోనూ యంత్రంపై పెట్టిన పీప్ (నిశ్వాసం చివర మిగిలి ఉండే పీడనం) కాక, ఊపిరితిత్తుల్లో నిజంగా ఉన్న మొత్తం పీప్ కావాలి కాబట్టి.

- నిశ్వాసం పూర్తయ్యే సమయంలో ఎక్స్‌పిరేటరీ హోల్డ్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి ఉంచండి.
- పీడన గీత నిలకడగా చదునయ్యాక సంఖ్యను చదవండి. అది మొత్తం పీప్.
- అందులోంచి సెట్ చేసిన పీప్‌ను తీసివేస్తే మిగిలేది ఆటో-పీప్.
- గీత ఎగుడుదిగుడుగా ఉంటే రోగి శ్వాసిస్తున్నాడు. ఆ కొలతను వదిలేయండి.

ఒక మినహాయింపు ఉంది. తీవ్రమైన ఆస్తమాలో కొన్ని శ్వాసనాళాలు నిశ్వాసం చివరికి పూర్తిగా మూసుకుపోతాయి; వాటి వెనుక చిక్కిన గాలి పీడనం ఈ హోల్డ్‌కు తెలియదు. ఆటో-పీప్ తక్కువ చూపిస్తూనే ప్లాటో, గంట గంటకూ పెరుగుతుంటే గాలి చిక్కుకుంటోందనే భావించి రేటు తగ్గించి, నిశ్వాసానికి సమయం పెంచాలి.

6. తరువాత ఉచ్ఛ్వాసం చివర హోల్డ్

పీక్ ప్రెజర్‌లో రెండు భారాలు కలిసి ఉంటాయి. బోరు మోటారును తలచుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది: మోటారుపై పడే ఒత్తిడిలో కొంత సన్నని పైపు గుండా నీటిని నెట్టడానికి, మిగతాది ట్యాంకు ఎత్తుకు. నీటి పరుగు ఆపి వాల్వు మూస్తే పైపు భారం మాయమై, ట్యాంకు ఎత్తు భారం ఒక్కటే మీటరుపై నిలుస్తుంది. హోల్డ్ చేసే పని అదే. ఫ్లో ఆగగానే పీక్ నుంచి పడిపోయిన భాగం శ్వాసమార్గాలది, నిలిచిన ప్లాటో ఊపిరితిత్తులది, ఛాతీ గోడది.

నిశ్వాస హోల్డ్ తరువాత కొన్ని మామూలు శ్వాసలు పోనిచ్చి, ఇన్‌స్పిరేటరీ హోల్డ్‌ను రెండు సెకన్ల వరకు నొక్కండి. పీడనం ముందు వేగంగా, తరువాత నెమ్మదిగా పడి చదునవుతుంది. చదునైన చోటే చదవాలి. నడుమ విశ్రాంతినిస్తూ మరి రెండుసార్లు చేసి, మూడూ దగ్గర దగ్గరగా ఉంటేనే రాయండి.

హోల్డ్ జరుగుతున్నంతసేపూ ఒక కన్ను బీపీ మీద ఉండాలి. ఛాతీలో పీడనం పెరిగినప్పుడు గుండెకు రక్తం చేరడం తగ్గుతుంది. రక్తం, నీరు తక్కువగా ఉన్న రోగిలో బీపీ వెంటనే జారుతుంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు:

- యంత్రం దానంతట అదే చూపే ‘ప్లాటో’ను హోల్డ్ ఇవ్వకుండా రాసేయడం. కొన్ని యంత్రాలలో అది ఉచ్ఛ్వాసం చివరి పీడనం మాత్రమే.
- హోల్డ్‌లో గీత ఏటవాలుగా దిగుతూనే ఉన్నా ఎక్కడో ఒకచోట చదవడం. అది లీక్ లక్షణం.
- కిందికి గుంటపడిన గీతలో తక్కువ సంఖ్యను తీసుకొని ‘ప్లాటో బాగుంది’ అనుకోవడం. అక్కడ రోగి పీల్చాడు.
- దగ్గు వచ్చిన వెంటనే కొలవడం.

7. లెక్కలు, వాటి అర్థం

కావలసినవి మూడే.

- డ్రైవింగ్ ప్రెజర్ = ప్లాటో − మొత్తం పీప్
- కంప్లయన్స్ (ఊపిరితిత్తుల సాగే గుణం; తగ్గితే బిగువు పెరిగినట్లు) = టైడల్ వాల్యూమ్ ÷ డ్రైవింగ్ ప్రెజర్
- నిరోధం = (పీక్ − ప్లాటో) ÷ సెకనుకు లీటర్లలో ఫ్లో

న్యుమోనియా ముదిరి ఏఆర్‌డీఎస్‌లోకి వెళ్లిన, 165 సెం.మీ. పొడవున్న పురుషుడిని ఊహించండి. అంచనా బరువు 61.5 కిలోలు, టైడల్ వాల్యూమ్ 370 మి.లీ., మొత్తం పీప్ 10, పీక్ 34, ప్లాటో 26, ఫ్లో నిమిషానికి 60 లీటర్లు. నిరోధం 8, అది ట్యూబ్ ఉన్న రోగిలో మామూలే. డ్రైవింగ్ ప్రెజర్ 16, కంప్లయన్స్ 23. వెంటిలేటర్‌పై ఉన్న మంచి ఊపిరితిత్తుల కంప్లయన్స్ సాధారణంగా 50కి పైనే ఉంటుంది కనుక ఈయన ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి. ఇక్కడ నెబ్యులైజేషన్ వల్ల ఒరిగేది లేదు.

పురుగుల మందు తాగి వచ్చిన యువకుడి లెక్క వేరు. టైడల్ వాల్యూమ్ 400, పీక్ 40, ప్లాటో 16, సెట్ పీప్ 5, హోల్డ్‌లో తేలిన మొత్తం పీప్ 8. నిరోధం 24, అంటే కఫం, శ్వాసనాళాల బిగింపు. డ్రైవింగ్ ప్రెజర్ 8, కంప్లయన్స్ 50. ఈ లెక్కలో మొత్తం పీప్‌కు బదులు సెట్ పీప్ 5 వేస్తే కంప్లయన్స్ 36కు పడిపోయినట్లు కనిపించి, మంచి ఊపిరితిత్తులకు జబ్బు అంటగట్టినట్లవుతుంది. నిశ్వాస హోల్డ్‌ను ముందు పెట్టమన్నది ఇందుకే.

హద్దుల విషయానికొస్తే, ఏఆర్‌డీఎస్‌లో ప్లాటో 30 దాటకూడదు. డ్రైవింగ్ ప్రెజర్‌ను 15 లోపు ఉంచే ప్రయత్నం చేయాలి. పలు అధ్యయనాల రోగులను కలిపి 2015లో చేసిన విశ్లేషణలో మరణాలతో దగ్గరి సంబంధం కనిపించింది ఈ కొలతకే. అయితే 29 ఉంటే క్షేమం, 31 ఉంటే ప్రమాదం అన్నట్లు గీత గీసి కూర్చోవడం నా దృష్టిలో పొరపాటు. నిన్న 20 ఉన్న ప్లాటో అదే టైడల్ వాల్యూమ్‌తో, అదే పీప్‌తో ఈరోజు 27 అయితే, హద్దులోనే ఉన్నా వెంటనే కారణం వెతకాలి.

పీప్ ఎంత పెట్టాలన్న దానికీ ఇవే కొలతలు కొంతవరకు దారి చూపుతాయి. టైడల్ వాల్యూమ్ మార్చకుండా పీప్‌ను 10 నుంచి 12కు పెంచి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ కొలవండి. ప్లాటో 26 నుంచి 27కు మాత్రమే పెరిగితే డ్రైవింగ్ ప్రెజర్ 15కు తగ్గింది, మూసుకున్న భాగాలు కొన్ని తెరుచుకున్నాయి. ప్లాటో 30కి ఎగబాకితే డ్రైవింగ్ ప్రెజర్ 18 అయింది. ఊపిరితిత్తి సాగిపోతోంది, వెనక్కి తగ్గాలి. స్థిర ఫ్లోలో పీడన గీత చివర పైకి వంపు తిరగడం కూడా అతిగా సాగడాన్నే సూచిస్తుంది.

కడుపు ఉబ్బినవారిలో, జలోదరం ఉన్నవారిలో, బాగా లావుగా ఉన్నవారిలో ప్లాటోలో పెద్ద వాటా ఛాతీ గోడదే కావచ్చు. ఆ వాటాను విడదీయాలంటే అన్నవాహికలో బెలూన్ కావాలి. ఆ సదుపాయం ఉన్నచోట, శ్వాసమార్గాన్ని మూసిన స్థితిలో శ్వాసమార్గ పీడనం మార్పుతో పోలిస్తే బెలూన్ పీడనం మార్పు 0.8 నుంచి 1.2 రెట్ల మధ్య ఉంటేనే బెలూన్ సరైన చోట ఉన్నట్లు. లేనిచోట కడుపు పరిస్థితిని ప్లాటో పక్కనే రాయడం కనీస జాగ్రత్త.

8. రోగి సొంతంగా శ్వాసిస్తుంటే

ప్రెజర్ సపోర్ట్‌లో తెరపై పీడనం 15 కనిపించినంత మాత్రాన ఊపిరితిత్తులపై 15 మాత్రమే పడుతోందనుకోకూడదు. రోగి లాగుతున్న బలం తెరపై కనిపించదు.

నిశ్వాసం చివర హోల్డ్ పెట్టి, రోగి ఒక్కసారి పీల్చే ప్రయత్నం చేయనిచ్చి వదిలేయండి. పీడనం పీప్ నుంచి ఎంత కిందికి దిగిందో చూసి, దానిలో నాలుగింట మూడొంతులను కండరాల బలానికి అంచనాగా తీసుకోండి. 16 దిగితే బలం 12. ఆయాసం ఎక్కువగా ఉందని, సపోర్ట్ లేదా సెడేషన్ గురించి ఆలోచించాలని అర్థం. రెండో మూడో మాత్రమే దిగితే సపోర్ట్ అతిగా ఉండి, రోగి కండరాలు పని మానేస్తూ ఉండవచ్చు.

కొన్ని యంత్రాలు పీ0.1 అనే సంఖ్యను చూపుతాయి. అది శ్వాస మొదలైన పదో వంతు సెకనులో పీడనం ఎంత పడిందో చెబుతుంది. సుమారు 1 నుంచి 4 మధ్య ఉంటే పరవాలేదు. ఒక్క శ్వాస సంఖ్య కాక, కొన్నింటి సగటు తీసుకోండి.

9. పీక్ అలారం మోగినప్పుడు

ముందు రోగిని చూడాలి, తరువాత యంత్రాన్ని. ఆక్సిజన్ పడిపోతుంటే హోల్డులు, లెక్కలు ఏవీ వద్దు. వెంటిలేటర్ నుంచి విడదీసి అంబు బ్యాగ్‌తో నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వండి, సాయానికి పిలవండి. ఆస్తమా రోగిలో బీపీ ఒక్కసారిగా కూలితే, విడదీసి చిక్కిన గాలి బయటికి పోయే సమయం ఇవ్వడమే మొదటి చికిత్స.

రోగి నిలకడగా ఉంటే ఒక హోల్డ్ చాలు.

పీక్ పెరిగి ప్లాటో అలాగే ఉంటే:
- ట్యూబ్ మడత, కొరకడం
- కఫం, రక్తపు గడ్డ
- శ్వాసనాళాల బిగింపు
- తడిసిన ఫిల్టర్, గొట్టంలో నీరు

పీక్, ప్లాటో రెండూ పెరిగితే:
- ట్యూబ్ జారి కుడి ఊపిరితిత్తిలోకి వెళ్లడం
- న్యూమోథోరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం)
- ఊపిరితిత్తి కుంచించుకుపోవడం
- ఊపిరితిత్తుల్లో నీరు చేరడం
- కడుపు ఉబ్బరం, ఆటో-పీప్

మన ప్రాంతంలో ఈ విభజన ఎంత ఉపయోగమో కట్లపాము కాటు రోగుల దగ్గర తెలుస్తుంది. కండరాలు చచ్చుబడి వచ్చిన ఆ రోగుల ఊపిరితిత్తులు మొదట చక్కగా ఉంటాయి. ప్లాటో 14, 15 దాటదు. దగ్గలేరు కాబట్టి రెండో మూడో రోజున కఫం గడ్డకట్టి ఒక వైపు మూసుకుంటే ప్లాటో 20కి ఎక్కుతుంది. ఎవరి హద్దూ దాటని సంఖ్య కనుక అలారం మోగదు. నిన్నటి సంఖ్య పక్కన ఉన్నవారికి మాత్రం అది కంటబడుతుంది. పురుగుల మందు కేసుల్లో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ వల్ల కఫం చిక్కబడి ట్యూబ్ లోపలి గోడకు అతుక్కుంటుంది. సక్షన్ గొట్టం సాఫీగా దిగుతున్నా నిరోధం పూటపూటకూ పెరుగుతుంటే తేమ సరిపోవడం లేదని గ్రహించాలి.

10. ఎప్పుడు కొలవాలి, ఎలా రాయాలి

ఉదయం రౌండ్లకు ముందు ఒకసారి, రాత్రి డ్యూటీ మారేటప్పుడు ఒకసారి తప్పనిసరి. వీటితోపాటు టైడల్ వాల్యూమ్ లేదా పీప్ మార్చాక, బోర్లా పడుకోబెట్టే ముందూ తరువాతా, ట్యూబ్ మార్చాక కొలవాలి.

ఒక్కో వరుసలో ఉండవలసినవి:

- సమయం, మంచం కోణం, మోడ్, ఫ్లో
- టైడల్ వాల్యూమ్, కిలోకు ఎన్ని మి.లీ.
- పీక్, ప్లాటో, సెట్ పీప్, మొత్తం పీప్
- డ్రైవింగ్ ప్రెజర్, కంప్లయన్స్, నిరోధం
- ట్యూబ్ గుర్తు, సెడేషన్ స్థితి, కొలిచినవారి సంతకం

చిత్తూరు నుంచో పలమనేరు నుంచో రోగిని తిరుపతికి పంపేటప్పుడు రిఫరల్ షీటులో ‘వెంటిలేటర్‌పై ఉన్నాడు’ అన్న ఒక్క మాట చాలదు. బయలుదేరే ముందటి వరుసను యథాతథంగా రాసి పంపండి. చేరినవారు ఐసీయూ యంత్రానికి తగిలించి కుదురుకున్నాక, అదే టైడల్ వాల్యూమ్‌తో, అదే పీప్‌తో మళ్లీ కొలవాలి. ప్లాటో హఠాత్తుగా పెరిగి ఉంటే దారిలో ట్యూబ్ జారిందేమో చూసి, రెండు వైపులా శ్వాస శబ్దాలు విని, ఎక్స్-రే తీయించాలి.

కొలత ముగిశాక మంచం వదిలేముందు, రాసుకున్న కాగితం చూసి పాత మోడ్, రేటు, ట్రిగ్గర్, అలారం పరిమితులు ఒక్కొక్కటే తిరిగి పెట్టి, మరో రెండు నిమిషాలు తరంగాలను, బీపీని, ఆక్సిజన్‌ను గమనించి, అప్పుడు సంతకం చేయండి.